పాఠ్యభాగం – 9: 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్' – యుద్ధం కనిపించని యుద్ధకాలపు ప్రేమకథ

పాఠ్యభాగ నిర్మాణక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 నాటిక నుంచి సినిమాకు
9.3 కథాసంగ్రహం
9.4 రెండు కాలాలు: కథాకాలం, నిర్మాణకాలం
9.5 కథన పద్ధతి
9.6 ముగింపును ఎలా అర్థం చేసుకోవాలి?
9.7 ఆదరణ, ప్రభావం
9.8 సారాంశం
9.9 కీలక పదాలు
9.10 సమాధాన సూచనలు
9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:

• 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్' చిత్రం ఏ పరిస్థితుల్లో తయారైందో వివరించగలుగుతారు.
• ఒక చిత్రంలోని కథాకాలానికీ, అది తయారైన కాలానికీ మధ్య ఉండే సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
• ఈ చిత్రంలోని కథన పద్ధతిని, శబ్దం, వెలుగు, సంగీతాల వినియోగాన్ని విశ్లేషించగలుగుతారు.
• చిత్రం ముగింపుపై ఉన్న భిన్న వ్యాఖ్యానాలను పోల్చి, మీ సొంత అభిప్రాయాన్ని ఆధారాలతో చెప్పగలుగుతారు.

9.1 పరిచయం

యుద్ధకాలపు సినిమా అనగానే మనకు విమానాలు, బాంబులు, సైనికులు, రైల్వే ప్లాట్‌ఫారం మీద కన్నీటి వీడ్కోళ్లు గుర్తుకొస్తాయి. ఈ పాఠంలో మనం చదవబోయే చిత్రంలో వీడ్కోలు ఉంది, ప్లాట్‌ఫారం ఉంది, కన్నీళ్లూ ఉన్నాయి. యుద్ధం మాత్రం లేదు. అయినా ఇది రెండవ ప్రపంచ యుద్ధం ముగుస్తున్న నెలల్లోనే, 1945 తొలి భాగంలో ఇంగ్లాండులో చిత్రీకరించిన సినిమా. దర్శకుడు డేవిడ్ లీన్. మూలకథ నోయెల్ కవర్డ్‌ది. నిడివి సుమారు 86 నిమిషాలు. శీర్షికకు 'క్షణకాలపు కలయిక' అని అర్థం చెప్పుకోవచ్చు.

వివాహిత అయిన ఒక మధ్యతరగతి గృహిణి, వివాహితుడైన ఒక వైద్యుడు రైల్వే స్టేషన్‌లో అనుకోకుండా కలుసుకుంటారు. ప్రేమలో పడతారు. కొద్ది వారాలకే విడిపోతారు. ఇంత చిన్న కథ ఎనభై ఏళ్లుగా ఎందుకు నిలిచింది? యుద్ధం మధ్యలో కూర్చుని యుద్ధం ఊసు లేని కథను ఎందుకు తీశారు? నాటి ప్రేక్షకులు అందులో ఏం చూశారు? ఈ ప్రశ్నలకు జవాబులు వెతకడమే ఈ పాఠం ఉద్దేశం.

వీలైతే పాఠం చదవడానికి ముందో, తరువాతో చిత్రాన్ని ఒకసారి చూడండి. చూసే వీలు లేనివారు కూడా పాఠాన్ని అనుసరించగలిగేలా కథను 9.3లో వివరంగా ఇచ్చాం.

9.2 నాటిక నుంచి సినిమాకు

నోయెల్ కవర్డ్ నటుడు, నాటకకర్త, గీత రచయిత. 1936లో లండన్‌లో 'టునైట్ ఎట్ 8.30' అనే పేరుతో కొన్ని ఏకాంకికల సమాహారాన్ని ప్రదర్శించాడు. వాటిలో 'స్టిల్ లైఫ్' ఒకటి. పళ్లు, పాత్రలు, పూలు వంటి కదలని వస్తువులను చిత్రించే చిత్రకళా పద్ధతిని ఇంగ్లిషులో అలా పిలుస్తారు. నాటిక పేరు దాని స్వభావానికి తగినట్టే ఉంది. కథంతా ఒక స్టేషన్‌లోని రిఫ్రెష్‌మెంట్ రూమ్‌లోనే జరుగుతుంది. ప్రేమికులు బయట ఎక్కడెక్కడ తిరిగారో ప్రేక్షకులు మాటల ద్వారా తెలుసుకోవలసిందే. నాటికలో ప్రధాన పాత్రలను కవర్డ్, గెర్ట్రూడ్ లారెన్స్ పోషించారు.

యుద్ధ సంవత్సరాల్లో కవర్డ్, లీన్ కలిసి పనిచేశారు. వారి మొదటి చిత్రం 'ఇన్ విచ్ వి సర్వ్' (1942) నేరుగా యుద్ధానికి సంబంధించినది. ఒక యుద్ధనౌక, దానిలోని మనుషులు, వారికోసం ఎదురుచూసే కుటుంబాలు ఆ చిత్రంలో కనిపిస్తాయి. తరువాత 'దిస్ హ్యాపీ బ్రీడ్' (1944), 'బ్లైత్ స్పిరిట్' (1945) వచ్చాయి. నాలుగవది 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్'. లీన్, ఆంథొనీ హ్యావ్‌లాక్-అలన్, రొనాల్డ్ నీమ్ కలిసి నెలకొల్పిన సినీగిల్డ్ సంస్థ దీన్ని నిర్మించింది.

సినిమాగా మార్చేటప్పుడు రెండు పెద్ద మార్పులు జరిగాయి. మొదటిది, కథ రిఫ్రెష్‌మెంట్ రూమ్ దాటి వీధుల్లోకి, సినిమా హాల్లోకి, పడవ షికారుకు, పల్లె దారుల్లోకి వెళ్లింది. రెండవది ఇంతకంటే ముఖ్యమైనది. నాటికలో ఇద్దరి కథగా ఉన్నది సినిమాలో ఒక్క లారా కథ అయింది. మనం వినేది ఆమె గొంతునే, చూసేది ఆమె జ్ఞాపకాన్నే. ఈ మార్పు ఫలితాలను 9.5లో పరిశీలిద్దాం.

9.3 కథాసంగ్రహం

లారా జెసన్ (సీలియా జాన్సన్) కెచ్‌వర్త్ అనే చిన్న పట్టణంలో ఉంటుంది. భర్త ఫ్రెడ్ (సిరిల్ రేమండ్) మంచివాడు, నెమ్మదైనవాడు. సాయంత్రాలు గళ్లనుడికట్టు పూరిస్తూ గడుపుతాడు. వారికి ఒక కొడుకు, ఒక కూతురు. ప్రతి గురువారం లారా రైల్లో పక్క ఊరు మిల్‌ఫోర్డ్ వెళుతుంది. సరుకులు కొంటుంది, గ్రంథాలయంలో పుస్తకం మార్చుకుంటుంది, భోజనం చేసి మధ్యాహ్నం ఆట సినిమా చూస్తుంది, సాయంత్రం రైలుకు ఇంటికి తిరిగి వస్తుంది.

ఒక గురువారం ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా ఆగకుండా దూసుకుపోయిన ఎక్స్‌ప్రెస్ రైలు నుంచి నలుసు ఒకటి ఆమె కంట్లో పడుతుంది. రిఫ్రెష్‌మెంట్ రూమ్‌లో ఉన్న డాక్టర్ అలెక్ హార్వే (ట్రెవర్ హోవర్డ్) చేతిరుమాలుతో దాన్ని తీసేస్తాడు. అతడు ప్రతి గురువారం మిల్‌ఫోర్డ్ ఆస్పత్రిలో పనిచేసి, ఎదురు దిశలో వెళ్లే రైల్లో తన ఊరు చర్లీకి వెళుతుంటాడు. తరువాతి వారాల్లో వారు మళ్లీ తారసపడతారు. ఒకే బల్ల దగ్గర భోజనం చేస్తారు, కలిసి సినిమాకు వెళతారు. ఆ సాయంత్రం లారా ఇల్లు చేరేసరికి కొడుకును కారు గుద్దిందని తెలుస్తుంది. దెబ్బ పెద్దది కాకపోయినా, అది తనకు పడిన శిక్ష అని ఆమె మనసు భయపడుతుంది.

అయినా కలయికలు ఆగవు. ప్రేమ ఇద్దరికీ తెలిసిపోతుంది. లారా భర్తకు మొదటిసారి అబద్ధం చెబుతుంది. ఆ అబద్ధం నిలబడటానికి స్నేహితురాలికి ఫోన్ చేసి సాయం అడుగుతుంది. ఒక సాయంత్రం అలెక్ తన మిత్రుడి ఫ్లాట్‌కు ఆమెను పిలుస్తాడు. లారా రైలు ఎక్కి, దిగి, వెనక్కి వస్తుంది. ఇంతలో ఆ మిత్రుడు అనుకోకుండా ఇంటికి వచ్చేస్తాడు. ఆమె వెనుక మెట్ల మీదుగా, దొంగలా, వర్షంలోకి పరుగెత్తవలసి వస్తుంది. ఆ అవమానం తరువాత ఇద్దరూ విడిపోవాలని నిశ్చయించుకుంటారు. దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో వచ్చిన ఉద్యోగాన్ని అలెక్ ఒప్పుకుంటాడు.

చివరి గురువారం వారు రిఫ్రెష్‌మెంట్ రూమ్‌లో ఆఖరి నిమిషాలు గడుపుతుండగా లారాకు పరిచయమున్న డాలీ మెసిటర్ అనే వాగుడుకాయ వచ్చి వారి బల్ల దగ్గర కూర్చుంటుంది. వీడ్కోలు మాట చెప్పుకునే అవకాశం కూడా ఉండదు. అలెక్ లేచి, లారా భుజాన్ని ఒక్కసారి మెల్లగా నొక్కి వెళ్లిపోతాడు. ఎక్స్‌ప్రెస్ రైలు వస్తున్న చప్పుడు వినగానే లారా ప్లాట్‌ఫారం మీదికి పరుగెత్తుతుంది, అంచున ఆగిపోతుంది. తరువాత ఇంటికి చేరుతుంది. ఫ్రెడ్ ఆమెను దగ్గరకు తీసుకుని, ఎక్కడో దూరాన ఉండిపోయినదానివి మళ్లీ తన దగ్గరికి వచ్చావంటూ కృతజ్ఞత చెబుతాడు. అతడికి ఎంత తెలుసో సినిమా చెప్పదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
గమనిక: మీ సమాధానాలను కింద వదిలిన ఖాళీలో రాసి, 9.10లోని సూచనలతో పోల్చుకోండి.
1. 'స్టిల్ లైఫ్' నాటికను చిత్రంగా మలచినప్పుడు జరిగిన రెండు ముఖ్యమైన మార్పులు ఏవి?
2. డాలీ మెసిటర్ రాక వల్ల కథలో ఏం జరిగింది?

9.4 రెండు కాలాలు: కథాకాలం, నిర్మాణకాలం

ఏ చారిత్రక చిత్రాన్ని చదివేటప్పుడైనా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. కథ ఎప్పుడు జరిగింది? దాన్ని ఎప్పుడు తీశారు? ఈ రెండింటి మధ్య ఉన్న దూరంలోనే చాలాసార్లు అసలు అర్థం దాగి ఉంటుంది. 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్' కథాకాలం 1938–39 శీతాకాలం, అంటే యుద్ధానికి ముందటి చివరి శీతాకాలం. నిర్మాణకాలం 1945. మధ్యలో దాదాపు ఆరేళ్ల యుద్ధం ఉంది.

9.4.1 కార్న్‌ఫోర్త్ స్టేషన్‌లో దీపాలు

స్టేషన్ దృశ్యాల్లో బయటి భాగాలను వాయవ్య ఇంగ్లాండులో, లాంకషైర్ ప్రాంతంలోని కార్న్‌ఫోర్త్ స్టేషన్‌లో 1945 ఫిబ్రవరిలో తీశారు. లండన్ దగ్గర ఎన్నో స్టేషన్లు ఉండగా అంత దూరం ఎందుకు వెళ్లారు? దీనికి కారణం యుద్ధమే.

1939 సెప్టెంబరు 1 నుంచి బ్రిటన్‌లో బ్లాకౌట్ నిబంధనలు అమలయ్యాయి. శత్రు విమానాలకు ఊళ్ల ఆనవాలు దొరకకుండా రాత్రివేళ ఏ వెలుతురూ బయటికి కనిపించకూడదు. 1944 సెప్టెంబరులో వీటిని కొంత సడలించినా ప్రమాదం తొలగిపోలేదు. 1945 మార్చి చివరి వరకు లండన్ ప్రాంతం మీద జర్మన్ వి-2 రాకెట్లు పడుతూనే ఉన్నాయి. అలాంటి సమయంలో రాత్రిపూట స్టేషన్ అంతా దీపాలు వెలిగించి చిత్రీకరించాలి. కార్న్‌ఫోర్త్ ఆగ్నేయ తీరానికి చాలా దూరం. విమాన దాడి హెచ్చరిక వచ్చినా దీపాలు ఆర్పేయడానికి వ్యవధి ఉంటుంది. అందుకే ఆ ఊరిని ఎంచుకున్నారు. పగలు రైళ్ల రాకపోకలకు అడ్డు రాకుండా రాత్రి పొద్దుపోయాక మొదలుపెట్టి తెల్లవారేదాకా పనిచేశారు. రిఫ్రెష్‌మెంట్ రూమ్ లోపలి దృశ్యాలను మాత్రం డెన్‌హామ్ స్టూడియోలో వేసిన సెట్‌లో తీశారు.

తెర మీద అతి మామూలుగా కనిపించే ఆ ప్లాట్‌ఫారం దీపాలు ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. ఐదేళ్లకు పైగా చీకటి వీధుల్లో తడుముకుంటూ నడిచిన ప్రజలకు వెలుగుతున్న స్టేషన్ ఒక పోగొట్టుకున్న లోకం.

9.4.2 1945 నాటి ప్రేక్షకులు ఏం చూశారు?

చిత్రం 1945 నవంబరులో విడుదలైంది. అప్పటికి ఐరోపాలో యుద్ధం ముగిసి ఆరు నెలలు. కొరత మాత్రం ముగియలేదు. బట్టల రేషన్ 1941 నుంచి, మిఠాయిలు, చాక్లెట్ల రేషన్ 1942 నుంచి కొనసాగుతూనే ఉన్నాయి. ఆ ప్రేక్షకుల దృష్టితో కొన్ని చిన్న విషయాలను మళ్లీ చూడండి. లారా దుకాణాల్లో నచ్చినవి కొంటుంది. భర్త పుట్టినరోజుకు ఖరీదైన గడియారం తీసుకుంటుంది. రిఫ్రెష్‌మెంట్ రూమ్ బల్ల మీద కేకులు వరుసగా పేర్చి ఉంటాయి. అలెక్‌కు తిరగడానికి కారు దొరుకుతుంది. మనకు ఇవి నేపథ్య వివరాలు. వారికి ఇవి జ్ఞాపకాలు.

యుద్ధం ఈ చిత్రంలో పూర్తిగా లేదనడం కూడా సరి కాదు. ఫ్లాట్ నుంచి పారిపోయిన లారా వర్షంలో చాలాసేపు తిరిగి, చివరికి ఒక యుద్ధ స్మారకం దగ్గర బెంచీ మీద కూర్చుంటుంది. అది మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవారి స్మారకం. ఆమెకు తెలియనిది 1945 ప్రేక్షకులకు తెలుసు. ఆమె కూర్చున్న రాత్రి తరువాత కొద్ది నెలలకే మరో యుద్ధం రాబోతుంది. జెసన్ దంపతుల ప్రశాంతమైన హాలు, పిల్లల గది, గురువారపు రైలు ఏవీ మునుపటిలా ఉండవు.

నటి సీలియా జాన్సన్ జీవితం కూడా ఈ సందర్భంలో గమనించదగినది. యుద్ధకాలంలో ఆమె సహాయక మహిళా పోలీసుగా పనిచేసింది. ఆమె భర్త, రచయిత పీటర్ ఫ్లెమింగ్, సైనికాధికారిగా సంవత్సరాల తరబడి ఇంటికి దూరంగా ఉన్నాడు. ఢిల్లీ కేంద్రంగా, శత్రువును తప్పుదారి పట్టించే యుద్ధ విభాగంలో ఆయన పనిచేసేవాడు. కార్న్‌ఫోర్త్‌లో షూటింగ్ జరుగుతున్న రోజుల్లో ఆమె ఆయనకు ఉత్తరాలు రాసేది. తెర మీద భర్త పక్కనే ఉండగా మనసు దూరమైన భార్యగా నటించిన ఆమె, తెర వెనుక భర్త ఖండాల అవతల ఉన్న భార్య.

9.4.3 వివాహం, విరహం, విడాకులు

లక్షల కుటుంబాల పరిస్థితి ఇదే. భర్తలు సైన్యంలో ఉన్నారు. 1941 డిసెంబరు చట్టం తరువాత పెళ్లికాని యువతులను కూడా యుద్ధ సేవలకు నిర్బంధంగా పిలిచారు. ఎన్నో జంటలు తొందరగా పెళ్లి చేసుకుని వెంటనే విడిపోయి, ఏళ్ల తరువాత దాదాపు అపరిచితులుగా కలుసుకున్నాయి. ఈ మధ్యకాలంలో కొత్త పరిచయాలు, కొత్త అనుబంధాలు ఏర్పడటం అరుదైన విషయం కాదు.

చట్టం కూడా మారింది. అంతవరకు ఇంగ్లాండులో విడాకులకు వ్యభిచారం ఒక్కటే ప్రధాన కారణంగా చెల్లేది. 1937 చట్టం క్రూరత్వం, పరిత్యాగం, నయంకాని మతిభ్రమణం వంటి కారణాలను చేర్చింది. యుద్ధానికి ముందు ఇంగ్లాండు, వేల్స్‌లలో విడాకులు ఏటా పదివేలలోపే ఉండేవి. 1947లో అవి సుమారు 60 వేలకు చేరాయి.

ఈ నేపథ్యంలో చిత్రం ముగింపును గుర్తు చేసుకోండి. సైనికులు ఇళ్లకు తిరిగి రావడం 1945 వేసవిలో మొదలైంది. శీతాకాలంలో ఈ చిత్రాన్ని చూసిన హాల్లో, మనసులో ఏదో దాచుకుని ఇంటికి తిరిగి వచ్చినవారు ఎందరో ఉండి ఉంటారు. తిరిగి వచ్చిన భార్యకు భర్త కృతజ్ఞత చెప్పే ఆ చివరి క్షణం వారికి కేవలం ఒక కల్పిత కుటుంబపు కథగా తోచి ఉండదు. యుద్ధానికి ముందటి కథగా చెప్పడం వల్ల, యుద్ధం తెచ్చిన బాధను ఎవరినీ వేలెత్తి చూపకుండా చెప్పడం సాధ్యమైంది. ఈ పాఠంలో మీరు ప్రధానంగా గ్రహించవలసిన విషయం ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
3. చిత్రీకరణకు కార్న్‌ఫోర్త్ స్టేషన్‌ను ఎందుకు ఎంచుకున్నారు?
4. యుద్ధ స్మారకం దృశ్యానికి 1945 ప్రేక్షకుల దృష్టిలో ఉన్న ప్రత్యేకత ఏమిటి?

9.5 కథన పద్ధతి

9.5.1 ఒకే దృశ్యం రెండుసార్లు

చిత్రం చివరి వీడ్కోలుతో మొదలవుతుంది. కానీ అది వీడ్కోలు అని మనకు తెలియదు. కెమెరా మొదట రిఫ్రెష్‌మెంట్ రూమ్ నడిపే మర్టిల్ బాగట్ (జాయిస్ కేరీ), ఆమెతో సరసమాడే రైల్వే ఉద్యోగి ఆల్బర్ట్ గాడ్బీ (స్టాన్లీ హాలోవే)లను చూపిస్తుంది. మూలన ఒక జంట కూర్చుని ఉంటుంది. డాలీ వస్తుంది, మాట్లాడుతుంది. ఆ పురుషుడు లేచి స్త్రీ భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోతాడు. మనం దాన్ని పట్టించుకోం.

కథంతా నడిచాక అదే దృశ్యం మళ్లీ వస్తుంది. ఇప్పుడు ఆ చెయ్యి ఏమిటో మనకు తెలుసు. రెండింటిలోనూ జరిగిన సంఘటన ఒక్కటే, మారినది మన జ్ఞానం. మొదటిసారి మనం డాలీ స్థానంలో ఉన్నాం. పక్కనే ఒక మనిషి గుండె పగులుతున్నా గమనించని బయటివాళ్లం. రెండవసారి లారా పక్షాన ఉన్నాం. ప్రేక్షకుడి స్థానాన్ని ఇలా మార్చడమే ఈ నిర్మాణం చేసిన పని. ఫ్లాష్‌బ్యాక్ పద్ధతిని ఎందుకు వాడారని పరీక్షలో అడిగితే, 'ఆసక్తి పెంచడానికి' అని ఆపేయకుండా ఈ విషయాన్ని రాయండి.

9.5.2 భర్తకు వినిపించని స్వగతం

ఇంటికి వచ్చిన లారా కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న భర్తకు జరిగినదంతా మనసులోనే చెప్పుకుంటుంది. అర్థం చేసుకోగలిగినవాడు లోకంలో ఫ్రెడ్ ఒక్కడే, చెప్పకూడనివాడూ అతడొక్కడే. కథంతా ఈ చిక్కుముడి మీద నిలబడి ఉంది. దీనివల్ల ఫ్రెడ్ ప్రతినాయకుడు కాకుండా పోయాడు. భర్త దుర్మార్గుడైతే లారా వెళ్లిపోవడం సులభం. అతడు మంచివాడు కాబట్టే ఆమె సమస్య కష్టమైనది.

గళ్లనుడికట్టు దృశ్యాన్ని చూడండి. ఫ్రెడ్ అడిగిన ఒక పదానికి లారా ఇచ్చే జవాబు 'రొమాన్స్'. అది గళ్లలో 'డెలీరియం', 'బెలూచిస్థాన్' అనే పదాలతో సరిగ్గా అమరుతుంది. ప్రేమ, మతిలేని జ్వరస్థితి, సామ్రాజ్యపు మారుమూల ప్రాంతం పక్కపక్కన చేరతాయి. నవ్వు తెప్పించే ఈ చిన్న వివరంలో కథంతా ఇమిడి ఉంది. నాటి బ్రిటిష్ మధ్యతరగతి హాలులో సామ్రాజ్యం ఎంత సహజంగా ఉండేదో కూడా తెలుస్తుంది. అలెక్ పారిపోయే చోటు దక్షిణాఫ్రికా కావడం కూడా యాదృచ్ఛికం కాదు. ఇంట్లో పరిష్కారం కాని సమస్యకు వలస దేశానికి ఓడ ఎక్కడం ఆనాటి ఇంగ్లిషు కథల్లో తరచు కనిపించే మార్గం.

9.5.3 వెలుగు, శబ్దం, సంగీతం

ఛాయాగ్రాహకుడు రాబర్ట్ క్రాస్కర్. ప్లాట్‌ఫారం దృశ్యాల్లో పొగ, ఆవిరి, తడి నేల, గాఢమైన నీడలు ప్రేమికుల రహస్యానికి రూపం ఇస్తాయి. ఇంటి దృశ్యాల్లో వెలుగు సమంగా, మెత్తగా ఉంటుంది. చివరి దృశ్యంలో డాలీ మాట్లాడుతుండగా కెమెరా లారా ముఖానికి దగ్గరవుతుంది, చుట్టూ వెలుగు తగ్గుతుంది. ఆమె ప్లాట్‌ఫారం మీదికి పరుగెత్తే ముందు తెర మీద దృశ్యమే పక్కకు ఒరుగుతుంది. రైలును మనకు పూర్తిగా చూపించరు. దాని కిటికీల వెలుగులు లారా ముఖం మీద వరుసగా మెరిసి ఆరిపోతాయి. ఆత్మహత్య ఆలోచనను ఒక్క మాట లేకుండా చెప్పిన దృశ్యం ఇది.

స్టేషన్‌లో గంట, రైలు కూత, ప్రకటన ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటాయి. ప్రేమికులకు ఉన్నది రెండు రైళ్ల మధ్య కాలం మాత్రమే. ఇద్దరి రైళ్లూ ఎదురెదురు దిక్కులకు వెళ్లేవి. అందువల్ల రైల్వే సమయపట్టిక ఈ కథలో విధి పాత్రను పోషిస్తుంది.

సంగీతానికి కొత్త రచన చేయించకుండా రష్యన్ స్వరకర్త రహ్మానినోవ్ రచించిన రెండవ పియానో కచేరీని వాడారు. పియానో వాయించినది ఐలీన్ జాయిస్, వాద్యబృందాన్ని నడిపినది మ్యూర్ మాథీసన్. ఇది ఎక్కడి నుంచో వచ్చే నేపథ్య సంగీతం కాదు. లారా తన ఇంట్లో రేడియో పెట్టినప్పుడు వచ్చే సంగీతం. అది ఆమె జ్ఞాపకాలను కదిలిస్తుంది. ఫ్రెడ్ దాన్ని కాస్త తగ్గించమంటాడు. బయటికి చెప్పలేని ఉద్వేగమంతా ఆ సంగీతంలో ఉంది. తగ్గించమన్న ఆ మాటలో ఆమె సంసారం ఉంది.

9.6 ముగింపును ఎలా అర్థం చేసుకోవాలి?

ఈ చిత్రం ముగింపుపై మూడు ముఖ్యమైన వ్యాఖ్యానాలు ఉన్నాయి.

(అ) కర్తవ్య పక్షం: లారా కుటుంబాన్ని ఎంచుకుంది. సొంత సుఖం కంటే ఇతరుల శ్రేయస్సు ముఖ్యమని చిత్రం చెబుతోంది. యుద్ధకాలపు బ్రిటన్ తన పౌరుల నుంచి కోరిన త్యాగం, నిగ్రహం ఇవే.

(ఆ) విమర్శ పక్షం: లారాకు నిజంగా ఎంపిక ఉందా? ఆమెకు ఉద్యోగం లేదు, సొంత ఆదాయం లేదు. వెళ్లిపోతే పిల్లలను కోల్పోయే ప్రమాదం ఉంది. అలెక్‌కు ఖండాంతరంలో ఉద్యోగం దొరుకుతుంది. లారాకు మిగిలేది పాత కుర్చీయే. ఈ కోణంలో చూస్తే చిత్రం సంయమనాన్ని కీర్తించడం లేదు, దానికి ఒక స్త్రీ చెల్లించిన మూల్యాన్ని లెక్కపెడుతోంది.

(ఇ) రహస్య ప్రేమ పక్షం: రచయిత కవర్డ్ స్వలింగ ప్రేమికుడు. ఇంగ్లాండు, వేల్స్‌లలో 1967 వరకు పురుషుల మధ్య అటువంటి సంబంధం నేరం. బహిరంగ స్థలాల్లో భయంభయంగా కలుసుకోవడం, అరువు తెచ్చుకున్న గది, ఎవరైనా చూస్తారేమోనన్న ఆందోళన, చెప్పుకోలేని శోకం వంటి వివరాలు చట్టం నిషేధించిన ప్రేమ అనుభవం నుంచి వచ్చాయని కొందరు విమర్శకులు భావించారు.

వీటిలో ఒకటే సరైనదని మీరు నిరూపించనవసరం లేదు. కానీ ప్రతి వాదానికీ చిత్రంలో ఎంత ఆధారం ఉందో పరీక్షించాలి. ఉదాహరణకు, లారా రైలు పట్టాల అంచున ఆగినది పిల్లలు గుర్తొచ్చి కాదు. ధైర్యం చాలక ఆగిపోయానని ఆమే తన స్వగతంలో ఒప్పుకుంటుంది. కర్తవ్య పక్షం ఈ దృశ్యాన్ని పూర్తిగా వివరించలేదు. మరోవైపు, ఫ్రెడ్ చివరి మాటల్లోని ఆర్ద్రతను విమర్శ పక్షం పూర్తిగా వివరించలేదు. చిత్రం గౌరవం అందులోనే ఉంది. లారా చేసినది సరైనదే కావచ్చు, అయినా ఆమె పోగొట్టుకున్నది చిన్నది కాదు. ఈ రెండు సత్యాల్లో ఏ ఒక్కదాన్నీ చిత్రం వదులుకోదు.

మర్టిల్, ఆల్బర్ట్ జంటను కూడా ఇక్కడ చేర్చి ఆలోచించండి. శ్రామిక వర్గానికి చెందిన వారి సరసం నలుగురి ముందూ, నవ్వుల మధ్య సాగుతుంది. మధ్యతరగతి ప్రేమికులు మాత్రం గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. అయితే శ్రామికవర్గ పాత్రలను హాస్యానికే పరిమితం చేయడం ఈ చిత్రం లోపమని ఆక్షేపించేవారు కూడా ఉన్నారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3
5. మొదటి దృశ్యం చివర మళ్లీ రావడం వల్ల ప్రేక్షకుడి స్థానం ఎలా మారింది?
6. ఫ్రెడ్ మంచివాడు కావడం కథకు ఎందుకు అవసరం?

9.7 ఆదరణ, ప్రభావం

అప్పట్లో బ్రిటన్‌లో సినిమా అతిపెద్ద వినోదం. 1946లో అక్కడి హాళ్లలో సుమారు 163 కోట్ల టికెట్లు అమ్ముడుపోయాయి. వసూళ్లలో 'ది వికెడ్ లేడీ' వంటి ఆడంబరమైన చారిత్రక ప్రేమకథలు ముందున్నాయి. 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్' సంయమనం అందరికీ ఒకేలా రుచించలేదు. రోచెస్టర్ పట్టణంలో ముందస్తుగా ప్రదర్శించినప్పుడు ప్రేమ సన్నివేశాల్లో జనం నవ్వారని లీన్ తరువాత చెప్పుకున్నాడు. కానీ విమర్శకుల ప్రశంసలు, కాలక్రమంలో ప్రేక్షకుల అభిమానం దానికి దక్కాయి. దర్శకత్వం, ఉత్తమ నటి, చిత్రానువాదం విభాగాల్లో ఆస్కార్ ప్రతిపాదనలు వచ్చాయి. 1999లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ప్రకటించిన వంద ఉత్తమ బ్రిటిష్ చిత్రాల జాబితాలో ఇది రెండవ స్థానంలో నిలిచింది.

భారతీయ విద్యార్థులకు ఆసక్తికరమైన విషయం ఒకటి ఉంది. 1946లో జరిగిన తొలి కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారాన్ని పదకొండు చిత్రాలకు కలిపి ఇచ్చారు. వాటిలో 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్' ఒకటి, చేతన్ ఆనంద్ తీసిన హిందీ చిత్రం 'నీచా నగర్' మరొకటి. ఇటలీ నుంచి రోసెల్లీని 'రోమ్ ఓపెన్ సిటీ' కూడా వాటిలో ఉంది. యుద్ధానంతర ప్రపంచ సినిమా ఎన్ని దారుల్లో బయలుదేరిందో ఈ మూడింటిని పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఒకటి మధ్యతరగతి మనసు లోపలి కథ, ఒకటి మురుగునీటి బారిన పడిన పేదల వాడ కథ, ఒకటి శత్రు సైన్యం ఆక్రమించిన నగరం కథ.

లీన్ తరువాత 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్', 'లారెన్స్ ఆఫ్ అరేబియా' వంటి భారీ చిత్రాలు తీశాడు. 1984లో వచ్చిన ఆయన చివరి చిత్రం 'ఎ పాసేజ్ టు ఇండియా' భారతదేశ నేపథ్యం గలది. ఇక కార్న్‌ఫోర్త్ స్టేషన్ కొన్నాళ్లు పాడుబడి, తరువాత అభిమానుల కృషితో మళ్లీ రూపు దిద్దుకుంది. సినిమాలోని రిఫ్రెష్‌మెంట్ రూమ్‌ను పోలిన గదిని అక్కడ ఏర్పాటు చేశారు.

9.8 సారాంశం

'బ్రీఫ్ ఎన్‌కౌంటర్' 1936 నాటి ఏకాంకిక ఆధారంగా 1945లో తయారైన చిత్రం. కథ యుద్ధానికి ముందు జరుగుతుంది. నిర్మాణం మాత్రం యుద్ధం ముగుస్తున్న నెలల్లో, విడుదల యుద్ధం ముగిసిన కొద్ది నెలలకే జరిగాయి. వెలిగే దీపాలు, నిండిన దుకాణాలు, యుద్ధ స్మారకం వంటి వివరాలు ఈ రెండు కాలాలను కలుపుతాయి. కుటుంబాలు చెదిరి, మళ్లీ కలుస్తున్న సమయంలో వచ్చిన ఈ కథ 'తిరిగి రావడం' అనే మాటకు కొత్త బరువునిచ్చింది. ఫ్లాష్‌బ్యాక్, భర్తకు వినిపించని స్వగతం, రైలు శబ్దాలు, రహ్మానినోవ్ సంగీతం కలిసి మాటల్లో చెప్పని బాధను ప్రేక్షకుడికి చేరుస్తాయి. ముగింపు కర్తవ్యాన్ని నిరాకరించదు, దాని మూల్యాన్ని దాచదు.

9.9 కీలక పదాలు

కథాకాలం: కథలోని సంఘటనలు జరిగినట్టు చూపిన కాలం.
నిర్మాణకాలం: చిత్రం తయారై ప్రేక్షకులకు చేరిన కాలం.
బ్లాకౌట్: వైమానిక దాడుల నుంచి రక్షణ కోసం రాత్రివేళ వెలుతురు బయటికి కనబడకుండా చేసే నిబంధన.
ఫ్లాష్‌బ్యాక్: వర్తమానం నుంచి వెనక్కి వెళ్లి గతాన్ని చూపే కథన పద్ధతి.
నేపథ్య స్వగతం: పాత్ర పెదవులు కదలకుండా, ఆమె లేదా అతడి మనసులోని మాటలు ప్రేక్షకుడికి వినిపించే పద్ధతి.

9.10 సమాధాన సూచనలు

1. కథ రిఫ్రెష్‌మెంట్ రూమ్ దాటి బయటి ప్రదేశాలకు విస్తరించింది; కథనం లారా దృష్టికోణానికి మారింది.
2. ప్రేమికులు ఆఖరి వీడ్కోలు చెప్పుకోలేకపోయారు.
3. ఆగ్నేయ తీరానికి దూరం కాబట్టి, దాడి హెచ్చరిక వస్తే దీపాలు ఆర్పే వ్యవధి ఉంటుందని.
4. లారాకు తెలియని రాబోయే యుద్ధం గురించి ప్రేక్షకులకు తెలిసి ఉండటం.
5. మొదట ఏమీ ఎరుగని బయటివ్యక్తిగా, తరువాత లారా బాధలో భాగస్వామిగా.
6. ఆమె నిర్ణయం సులభం కాకుండా, నిజమైన సంఘర్షణగా ఉండటానికి.

9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్'లో యుద్ధం కనిపించకపోయినా అది యుద్ధకాలపు చిత్రమే అనే అభిప్రాయాన్ని సోదాహరణంగా చర్చించండి.
2. చిత్రం ముగింపుపై ఉన్న వ్యాఖ్యానాలను పోల్చి, మీ అభిప్రాయాన్ని ఆధారాలతో తెలపండి.

II. కింది ప్రశ్నలకు 15 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. చిత్రంలో సంగీతం, రైలు శబ్దాల పాత్రను వివరించండి.
2. యుద్ధానంతర బ్రిటన్‌లో వివాహ వ్యవస్థ ఎదుర్కొన్న ఒత్తిళ్లు ఈ చిత్రాన్ని అర్థం చేసుకోవడానికి ఎలా తోడ్పడతాయి?
3. మీకు తెలిసిన ఒక తెలుగు చారిత్రక లేదా సాంఘిక చిత్రాన్ని తీసుకుని, దాని కథాకాలానికీ నిర్మాణకాలానికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించండి.